బటను వదిలితే ఆగాలి

ఆ రేవులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ హలో వదిన. వాకీటాకీ సెట్ల రిపేరు గదిలో పొద్దస్తమానం "హలో హలో, వినపడుతోందా, ఒకటి రెండు మూడు" అంటూ ఉంటుంది కాబట్టి హలో. సిగ్నలు మేస్త్రీ పెళ్లాం కాబట్టి వదిన. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా వదినా అనే పిలుస్తారు. కాదనే తీరిక ఆమెకెక్కడిది, ఒకచోట కాలు నిలిస్తే కదా! సోల్డరింగు ఐరన్ వేడెక్కేలోపు గుమ్మం దాకా వెళ్లొస్తుంది. ఒక సెట్టు మూత విప్పి, దాని స్క్రూలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, ఇంకో సెట్టు చేతిలోకి తీసుకుంటుంది. టీ కప్పు కిటికీలో వదిలేసి, కాసేపటికి దాని కోసమే గదంతా గాలిస్తుంది. అయినా ఆమె చేతిలో పడ్డ సెట్టు మళ్లీ రిపేరుకు రావడం అరుదు. అదెలాగో నన్నడగొద్దు.

ఆ గది తూకం ఆఫీసు వెనకాల, రేకుల కప్పు కింద ఉంది. దానికి ఒకే కిటికీ. అందులోంచి చూస్తే క్రేను పొడుగాటి చెయ్యి కనపడుతుంది, ఓడ పైభాగం కొంచెం కనపడుతుంది, ఓడ లోపల జరిగేదేమీ కనపడదు. బల్ల మీద ఒక సెట్టు ఎప్పుడూ క్రేను చానెల్లో పాడుతూనే ఉంటుంది. బాగుచేసినవి సరిగ్గా పలుకుతున్నాయో లేదో వినాలి కదా అని పైవాళ్లకు చెప్పింది. అసలు సంగతేమిటంటే ఆ చానెల్లో మొగుడి గొంతు వస్తుంది.

మేస్త్రీ పని ఓడ పొట్టలో. సరుకు ఉంచే హోల్డు అంటే ఇనుప గోడల పెద్ద బావి అనుకోండి. పైన క్రేను గదిలో కూర్చున్న డ్రైవరుకు దాని అడుగు కనపడదు. అడుగున నిలబడి "దించు, కుడికి, ఇంకాస్త, ఆగు" అని సెట్టులో చెప్పేవాడే అతనికి కళ్లు. ఆ డ్రైవరును అందరూ పైలోకం అంటారు. పొద్దున నిచ్చెన ఎక్కితే భోజనానికి తప్ప కిందికి దిగడు. పైలోకం, మేస్త్రీ ఎన్నో ఏళ్లుగా జోడీ. ఒకరి మొహం ఒకరు చూసుకునేది తక్కువ, మాట వినేది ఎక్కువ.

మేస్త్రీ గొంతు గురించి చెప్పుకోవాలి. అతను హోల్డులో దగ్గితే గేటు దగ్గర కునికే వాచ్‌మన్ లేచి కూర్చునేవాడు. పెళ్లైన కొత్తలో వదిన చెవుల్లో దూది పెట్టుకుందామా అని నిజంగానే ఆలోచించింది. ఉప్పు తక్కువైందని అంటే పక్కింటివాళ్లు ఉప్పు పట్టుకొచ్చిన రోజులున్నాయి. అలాంటి గొంతులో కాయ లేచింది. డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ గొంతులో మాట పలికించే రెండు తీగల్లో ఒకటి పడిపోయింది. మిగిలింది గాలి, కాస్త గరగర. "అరిచావంటే ఈ ఉన్నదీ పోతుంది. మాటను పొదుపుగా వాడుకో," అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి మేస్త్రీ ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. తల్లికి చెవి మందం. కొడుకు మాట్లాడితే ఆమెకు పెదాలు కదలడమే తెలిసేది. "ఏంటంటున్నాడే?" అని కోడలిని అడిగేది. కోడలు అరిచి చెప్పేది. తన మాట ఇంకొకరి నోట అరుపుగా వినడం అతనికి సిగ్గేసింది. సైగలతో సరిపెట్టుకున్నాడు. మాట్లాడమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వదినకు ఆ ఇల్లు మింగుడుపడలేదు. అరిచే మనిషిని భరించింది గానీ అరవని మనిషిని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. వంటింట్లోంచి ముందుగదికి, ముందుగదిలోంచి వాకిట్లోకి, నిప్పు తొక్కినట్టు తిరిగేది.

యార్డు మేనేజరు చెడ్డవాడు కాదు. "చూడమ్మా," అన్నాడు ఆమెతో, "మేస్త్రీ మాట పైలోకానికి స్పష్టంగా వినపడి, లోడు భద్రంగా దిగితే అతని పని అతనిదే. లేదంటే సామాన్ల స్టోరుకు పంపుతాను. జీతంలో తేడా రాదు." జీతం గొడవ కాదది. స్టోరులో తాళ్లూ కొక్కేలూ అందిస్తూ కూర్చోవడమంటే మేస్త్రీకి బతికుండగానే మూలకు చేరడం. ఆ మాట వినగానే అతను భార్య వైపు చూసిన చూపు ఆమెకు నిద్రలో కూడా వదల్లేదు. ఎలాగైనా సరే, ఆయన్ని మళ్లీ హోల్డులోకి దించాలి. సెట్టు నా చేతిలోదే కదా అనుకుంది.

సెట్టులో మైకంటే బఠాణీ గింజంత ముక్క. లోపల పలచటి పొర ఒకటి, మాట తగిలితే వణుకుతుంది. ఆ వణుకు కరెంటుగా మారుతుంది, కానీ అది ఎందుకూ కొరగానంత చిన్నది. దాన్ని పెంచడానికి ఒక ఆంప్లిఫయరు. ఆ పక్కనే 'స', 'శ' లాంటి పదునైన శబ్దాలను ఇంకాస్త ఎత్తిపెట్టే రెండు చిన్న పార్టులు ఉంటాయి, ఎందుకంటే అవతలి సెట్టులో బుస్సుమనే రొద ముందుగా వాటినే మింగుతుంది. తర్వాత లిమిటరు. దాన్ని వదిన మంగలి అంటుంది. ఎంత ఎత్తు లేచిన శబ్దానికైనా ఒకే ఎత్తున తల కత్తిరిస్తుంది. ఎఫ్‌ఎం సెట్టులో గట్టిగా మాట్లాడినంత మాత్రాన రేడియో అల బలం పెరగదు. అల తన చోటు నుంచి అటూ ఇటూ ఎక్కువ దూరం ఊగుతుంది, అంతే. మరీ ఊగితే పక్క చానెలువాళ్ల నెత్తిన పడుతుంది. అందుకే ఈ కత్తిరింపు. కత్తిరించిన గరుకును నునుపు చేయడానికి ఒక ఫిల్టరు, మాటను అలకు అంటించే మాడ్యులేటరు, చివర దాన్ని యాంటెన్నాలోకి తోసే ట్రాన్సిస్టరు. బటను నొక్కితే సెట్టులో వినే సగం పడుకుని చెప్పే సగం లేస్తుంది. వదిలితే చెప్పే సగం పడుకుంటుంది.

ఇంత తెలిసిన మనిషి మొదట చేసిన పని ఏమిటయ్యా అంటే, మైకు ఆంప్లిఫయరు స్క్రూను చివరంటా తిప్పేసింది. చిన్న గొంతు కదా, పెంచితే సరి! మేస్త్రీని గదిలో మూలన నిలబెట్టి మాట్లాడించింది. బల్ల మీది సెట్టులో అతని గొంతు గణగణమని మోగింది. వదిన ఆనందం పట్టలేక చేతిలోని స్క్రూడ్రైవరుతో బల్ల మీద దరువేసింది. కిటికీ మూసి ఉందని, గదిలో ఈగ కూడా లేదని ఆమెకు తట్టలేదు. తీరా మేస్త్రీ హోల్డులోకి దిగితే అక్కడ గాలి తోసే ఫ్యాన్లు, గొలుసులు, ఓడ జనరేటరు. పెంచిన మైకు వాటన్నిటినీ సమానంగా పెంచింది. మంగలి అందరికీ సమానంగా తల గొరిగింది. దానికి మేస్త్రీ ఎవరో ఫ్యాను ఎవరో తెలియదు కదా.

పైనుంచి పైలోకం గొంతు వచ్చింది. "వదినా, మేస్త్రీ ఎక్కడో వానలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. వాన మాత్రం చక్కగా వినపడుతోంది."

హోల్డులోంచి ఎక్కి వచ్చిన మేస్త్రీ ఎవరి మొహమూ చూడకుండా నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు. వదిన తన నెత్తిన తనే ఒకటి మొట్టుకుంది. మేనేజరు ఇంకో అవకాశం ఇస్తానన్నాడు, ఆఖరుదని కూడా అన్నాడు.

ఈసారి ఆమె స్క్రూను వెనక్కి తిప్పింది. గొంతు చిన్నదైనప్పుడు మైకును పెంచకూడదు, మైకునే నోటి దగ్గరికి తీసుకెళ్లాలి. పాత హెడ్‌సెట్ల డబ్బాలోంచి ముందూ వెనకా రెండు బెజ్జాలున్న మైకు ఒకటి తీసింది. దూరం నుంచి వచ్చే రొద రెండు బెజ్జాల్లోంచీ ఒకేలా దూరి పొరను రెండు వైపులా నెడుతుంది, దాంతో పొర ఎటూ కదలదు. పెదాల దగ్గరి మాట ముందు బెజ్జంలోకే గట్టిగా వెళ్తుంది, పొర కదులుతుంది. దాన్ని వంచిన తీగకు కట్టి, మేస్త్రీ హెల్మెట్టుకు తగిలించి, పెదవికి ఆనేటట్టు పెట్టింది. తగిలిస్తున్నంతసేపూ అతను గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు, చిన్నపిల్లవాడు చొక్కా గుండీలు పెట్టించుకుంటున్నట్టు.

ట్రయలు ఖాళీ చెక్క పలకలతో జరిగింది. వదిన కిటికీ దగ్గర నిలబడింది, బల్ల దగ్గరికి వచ్చింది, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. అంతలో సెట్టులోంచి వచ్చింది. "దించు." రొద లేదు, వాన లేదు. పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టుంది. ఎన్ని నెలలైందో ఆ గొంతు అంత దగ్గరగా విని! ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "కుడికి. దించు. దించు. ఆగు." పలకలు దిగాయి. మేనేజరు భేష్ అన్నాడు. సోమవారం నుంచి డ్యూటీ అన్నాడు. హోల్డులో కూలీలు ఈలలు వేశారు.

అందరూ సంబరపడుతుంటే వదిన మాత్రం కిటికీ వదల్లేదు. మూడోసారి పలకలు దిగేటప్పుడు "ఆగు" అన్న మాట ఆమె చెవిన పడింది. కిటికీలోంచి చూస్తే క్రేను తాడు ఆ మాట తర్వాత కూడా కాస్త దిగింది. కాస్తే. పలక అంచు గోడకు రాసుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ గమనించలేదు. కానీ అది ఎందుకు జరిగిందో ఆమెకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది అనుకుంది.

పాత రోజుల్లో మేస్త్రీ ప్రమాదం చూస్తే అరిచేవాడు. ఆ అరుపు లిమిటరుకు తగిలి పగిలేది. డొక్కు డబ్బా మీద రాళ్లు పోసినట్టు పైలోకం చెవిలో పడేది. ఆ పగులు వినగానే, మాట ఏమిటో తెలియకముందే, అతని చెయ్యి లివరు వదిలేసేది. ఇప్పుడు మేస్త్రీ అరవలేడు. ఆమె అమర్చిన మైకులో 'దించు' ఎంత మెత్తగా వస్తుందో 'ఆగు' కూడా అంత మెత్తగా వస్తోంది. పైలోకం మాట విని, అర్థం చేసుకుని, ఆ తర్వాత చెయ్యి తీస్తున్నాడు. చెక్క పలకకైతే ఫరవాలేదు. అది ఇనుప పైపుల కట్ట అయితే? కింద మనిషి ఉంటే?

రెండు రోజులు ఆమెకు తిండి సహించలేదు. చెబితే మొగుడు స్టోరులో కూర్చుంటాడు. చెప్పకపోతే ఎవరి తలో పగులుతుంది, ఒకవేళ అది ఆయన తలే కావచ్చు. మూడో రోజు ఉండబట్టలేక క్రేను నిచ్చెన ఎక్కేసింది. రేవులో ఆడమనిషి ఆ నిచ్చెన ఎక్కడం అదే మొదలు. పైలోకం గదిలో ఒక కుర్చీ, రెండు లివర్లు, ఒక నీళ్ల సీసా. ఆమె కూర్చోలేదు.

"ఆ రోజు మూడోసారి ఆలస్యమైంది కదూ?" అంది ఊపిరి అందక.

పైలోకం లివరును గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. "అయింది వదినా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా. నీకు తెలియకుండా ఉండదుగా."

"నేనెలా చెప్తాను? మొగుడు కదా!"

"నాకు మాత్రం వాడు పరాయివాడా? పెళ్లాంతో మాట్లాడినదానికంటే వాడితో మాట్లాడిందే ఎక్కువ." అతను గుడ్డ కింద పెట్టాడు. "వాడి అరుపు వినపడకపోతే నా చేతికి తెలియట్లేదు వదినా. నేనేం చేసేది?"

ఆమె దిగి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన డ్యూటీ ఆపేశాడు. ఎవరు చెప్పారో దాచలేదు కూడా.

సాయంత్రం మేస్త్రీ చెప్పులు గోడకు తగిలేలా విసిరి ఇంట్లోకొచ్చాడు. అరవాల్సినంత కోపముంది, అరిచే గొంతు లేదు. వదిన వీపు తిప్పి గిన్నెలు తోముతోంది.

"నా పొట్ట కొట్టావు," అన్నాడు గాలి గొంతుతో. ఇన్ని నెలల్లో ఇంట్లో అతను తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

"ఏంటంటున్నాడే?" అంది తల్లి మంచం మీదినుంచి.

"నేను ఆయన పొట్ట కొట్టానంట అత్తయ్యా!" అని అరిచింది వదిన.

"పరాయివాడెవడో చెప్పినా ఊరుకునేవాణ్ణి. కట్టుకున్నదానివి, నువ్వే వెళ్లి చెప్పావు."

"ఇప్పుడేంటంటున్నాడు?"

"పరాయివాళ్లకంటే కనాకష్టమంట నేను!"

"అంత మెల్లిగా తిడితే తిట్టినట్టుంటుందా? నువ్వు ఇంకాస్త గట్టిగా చెప్పవే, నాకు సగమే వినపడుతోంది," అంది ముసలావిడ.

తన మీద పడ్డ తిట్లను తనే అరిచి అత్తగారికి అందించాల్సి రావడం ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో వదినకు అర్థం కాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెను మరింత గట్టిగా తోమింది. వెనక మేస్త్రీ గొంతు సాగుతూనే ఉంది. "తాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోమంటావా? అంతకంటే ఆ కాయతోనే నేను..."

అక్కడ ఆగిపోయింది.

వదిన చటుక్కున వెనక్కి తిరిగింది. చేతిలో సబ్బు నురగతో పళ్లెం. మంచం మీద అత్తగారు కూడా గభాలున లేచి కూర్చుంది. "ఏమైందిరా?" మేస్త్రీకి ఏమీ కాలేదు. ఊపిరి చాలక ఆపాడు, అంతే. ఇద్దరు ఆడవాళ్లూ అలా తన వైపు తిరగడం చూసి బిత్తరపోయాడు.

వదిన పళ్లెం కింద పెట్టింది. "మళ్లీ తిట్టండి," అంది.

"ఏంటి?"

"తిడుతూ తిడుతూ మధ్యలో ఆపెయ్యండి. నేను అటు తిరుగుతాను."

ఈమెకు మతి పోయిందనుకున్నాడు మేస్త్రీ. అయినా తిట్టాడు, తిట్లకేం కొదవ? ఆపాడు. ఆమె తిరిగింది. ఇంకోసారి. ఇంకోసారి. ఆపిన ప్రతిసారీ ఆమె మెడ ఆమె ప్రమేయం లేకుండానే తిరిగిపోతోంది. 'ఆగు' అనే మాటను చెవి వినాలి, బుర్ర అర్థం చేసుకోవాలి. మాట ఆగిపోవడాన్ని అర్థం చేసుకోవాల్సిన పని లేదు.

"మీరు అరవక్కర్లేదండీ," అంది అతని చెయ్యి పట్టుకుని. "లోడు కదులుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండండి. బటను వదిలితే పైలోకం ఆగాలి."

మర్నాడు ఆ సంగతి విని మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "సెట్టు చెడిపోతే?"

"మాట ఆగిపోతుంది సార్. మాట ఆగితే క్రేను ఆగుతుంది."

"బ్యాటరీ అయిపోతే?"

"అప్పుడూ అంతే."

"అంటే ఇన్నాళ్లూ సెట్టు చచ్చిపోయుంటే లోడు దిగుతూనే ఉండేదన్నమాట," అన్నాడాయన తనలో తాను. తర్వాత ఒప్పుకుంటూ ఒక్క షరతు పెట్టాడు. లోడు గాలిలో ఉన్నంతసేపూ ఆ చానెల్లో మేస్త్రీ తప్ప ఇంకెవరూ బటను నొక్కకూడదు. ఒకే చానెల్లో ఇద్దరు నొక్కితే బలమున్న అల లేనిదాన్ని తొక్కేస్తుంది, మేస్త్రీ మాట తెగుతుంది, క్రేను గాలిలో ఆగిపోతుంది. "నీ బల్ల మీది సెట్టుకు కూడా ఇదే రూలమ్మా. విను, కానీ నొక్కకు." అలాగే సార్ అంది.

ఆపకుండా మాట్లాడటానికి సెట్లు కూడా అలవాటు పడలేదు. మొదటి రిహార్సల్లో క్రేను ఉన్నట్టుండి ఆగింది. కింద మేస్త్రీ చక్కగా మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరైనా పొరపాటున బటను మీద కూర్చుంటారేమోనని, కాసేపు నొక్కి ఉంచితే దానంతట అదే ఆపేసుకునే ఏర్పాటు సెట్టులో ఉంది. వదిన దాన్ని తీసేసింది. చివరి ట్రాన్సిస్టరు పెనంలా కాలితే పవరు సగానికి తగ్గించింది, దూరం ఎంతని, ఓడ నుంచి క్రేనుకు! పెద్ద బ్యాటరీ నడుముకు కట్టింది. సెట్టు కంటే మొండివాడు మేస్త్రీ. "అంతసేపు ఏం మాట్లాడతాం? దించు దించు అని రామచిలకలా?" అన్నాడు. అలాగే అనమంది.

అసలు ట్రయలు ఇనుప పైపుల కట్టతో. వదిన కిటికీ పట్టుకుని నిలబడింది. "దించు... దించు... వస్తోంది... దించు... నిదానం... దించు..." గొంతు సన్నగా, తెగకుండా సాగుతోంది. క్రేను తాడు మెల్లగా ఓడలోకి దిగుతోంది. "దించు... కుడికి కాస్త... దించు... దిం..."

సెట్టు మూగబోయింది. తాడు అదే క్షణాన ఆగింది.

వదిన ఎదురుచూసింది. మాట రాలేదు. తాడు కదల్లేదు. ఆగాలని ఆమే పెట్టిన రూలు. కానీ ఎందుకు ఆగిందో ఆ రూలు చెప్పదు. బటను వదిలాడా, వదిలేలా ఏమైనా అయిందా? చేతిలోని స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని పరుగెత్తింది. గట్టు వెంట, ఓడ మెట్ల మీదుగా, హోల్డు అంచు దాకా. ఎవరో పక్కకు లాగబోతే తోసేసింది.

కింద పైపుల కట్ట నేలకు చెయ్యెత్తు దూరంలో వేలాడుతోంది. దాని కింద ఒక కూలీ, బూటు అడుగున పరిచిన రెండు చెక్కల మధ్య ఇరుక్కుపోయి, వెల్లకిలా పడి ఉన్నాడు. జరిగిన చెక్కను సరిచేయబోయి కాలుజారాడట. మేస్త్రీ అతని చంకల కింద రెండు చేతులూ వేసి ఈడుస్తున్నాడు. సెట్టు నడుము దగ్గర ఊగుతోంది. 'ఆగు' అని చెప్పాలంటే ఒక చెయ్యి బటను మీద ఉండాలి. వదిలేశాడు కాబట్టి రెండు చేతులూ మిగిలాయి. బూటు చెక్కల్లోనే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది.

"ఏవండీ!" అని అరిచింది వదిన, ఓడంతా దద్దరిల్లేలా. "బతికే ఉన్నారా?"

మేస్త్రీ తలెత్తాడు. చెయ్యి బటను వైపు పోయింది, ఠక్కున వెనక్కి తీసుకున్నాడు. కింద మనిషి ఉన్నంతసేపూ నొక్కకూడదు. ఉన్నానని తల ఊపాడు. పైలోకానికి కింద ఏం జరిగిందో ఏమీ తెలియదు, రెండు చేతులూ లివర్ల మీది నుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వదిన పక్కనే నిలబడి చూసిన మేనేజరు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "రేపట్నుంచి డ్యూటీ వేసుకోమను," అని మాత్రం అన్నాడు.

అలా మేస్త్రీ హోల్డు మేస్త్రీకి దక్కింది. వదినకు దక్కిందేమిటి? రోజంతా ఆపకుండా మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి అతని గొంతు పూర్తిగా అడుగంటేది. డాక్టరు పొదుపు చేయమన్నదంతా ఓడ పొట్టలోనే ఖర్చయిపోయేది. ఇంటికొస్తే గాలి కూడా పలకదు. తినేసి, తల్లి పక్కన కాసేపు కూర్చుని, పడుకుంటాడు. ఇప్పుడు గోడ వైపు తిరగట్లేదు, మొహం తేటగానే ఉంది, కళ్లు నవ్వుతున్నాయి. అయినా మాట లేదు. వదినకు ఒళ్లు మండేది. పైలోకానికి పొద్దస్తమానం కబుర్లు, నాకు ఒక్క ముక్క లేదు! ముసలి క్రేను డ్రైవరు మీద అసూయ పడుతున్నందుకు తనను తనే తిట్టుకునేది, అయినా అసూయ పోయేది కాదు. ఇది నా చేత్తో నేను బిగించిన మైకే కదా అని గుర్తొచ్చి మరింత మండేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి దిగిన పైలోకం గదిలోకి తొంగి చూశాడు. "వదినా, నీ మొగుడు లోడు దించుతూ నన్ను 'తిన్నావా' అని అడుగుతున్నాడు. నేనెప్పుడు తినలేదని? నన్ను చూస్తే అలా కనపడుతున్నానా?"

ఆమె నవ్వి పంపేసింది. ఏదో నోటికొచ్చింది అంటాడు, ఊరికే దించు దించు అంటే నాలుక ఎండిపోదూ అనుకుంది. తను వినేదే కానీ, ఒకపక్క సెట్టు, ఇంకోపక్క రిపేరు, నాలుగు సార్లు గుమ్మం దాకా. ఏం వింటోందో ఎప్పుడు పట్టించుకుంది కనక? ఆ మధ్యాహ్నం పని పక్కన పెట్టి బల్ల మీది సెట్టు ముందు కుర్చీ వేసుకుంది.

"దించు... దించు... కుడికి... దించు... అమ్మకు చెవి మందు వేశావా... దించు... నిదానం... కిటికీలో కప్పు పెట్టి మరిచిపోయుంటావు... దించు... దించు... తిన్నావా..."

పైలోకానికి అమ్మ లేదు. అతని గదిలో కప్పూ లేదు.

వదిన చెయ్యి బల్ల మీది మైకును అందుకుంది. బొటనవేలు బటను మీదికి వెళ్లింది. కిటికీలో క్రేను చెయ్యి, తాడు చివర ఏదో బరువు, దాని కింద ఎవరెవరున్నారో. నొక్కితే ఆయన మాట తెగుతుంది. ఆమె వేలు బటను పక్కకు జరిపి, మైకును పెదవికి ఆనేంత దగ్గరగా పట్టుకుంది.

"వేశానండీ," అంది నొక్కని మైకులో. "నేనూ తిన్నాను. మీరు ఆపకండి, దించండి."